సంప్‌లో తెట్టు తీసే పని: మా ఉప్పునీటి ట్యాంకుకు స్కిమ్మర్ పెట్టిన డైరీ

మార్చి 2

తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటి హాల్లో ఏడు నెలలుగా నడుస్తున్న ట్యాంకు ఇది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు, కింద చెక్క క్యాబినెట్, అందులో సంప్, అంటే పై ట్యాంకు నీళ్లు దిగి పంపుతో మళ్లీ పైకి పోయే రెండో తొట్టి. ఇసుకా రాళ్లూ ఆక్రమించిన చోటు తీసేస్తే మొత్తం తిరిగే నీళ్లు దాదాపు 240 లీటర్లు. చేపలు ఐదే: క్లౌన్ ఫిష్ జంట, ఎల్లో టెయిల్ డామ్సెల్ ఒకటి, ఫైర్ ఫిష్ ఒకటి, రాళ్ల మీద నాచు గీక్కుని తినే లాన్ మోవర్ బ్లెనీ ఒకటి. పగడాలు లేవు, సముద్రం నుంచి జీవులతో సహా తెచ్చిన రాయి, లైవ్ రాక్ అంటారు, అది కూడా లేదు. మన సముద్రాల్లోని పగడాలు 1972 వన్యప్రాణుల సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి, అమ్మేవాళ్లు ఏం చెప్పినా నేను వాటి జోలికి పోను. ఉన్నవన్నీ సిరామిక్ రాళ్లే, బాక్టీరియా వాటి మీదే స్థిరపడింది.

ఇన్నాళ్లూ స్కిమ్మర్, అంటే నీళ్లలోని మురికిని నురగగా పైకి తీసే పరికరం, లేకుండానే నడిపాను. పది రోజులకోసారి 25 లీటర్ల నీళ్లు మారుస్తూ వచ్చాను. కానీ రెండు నెలలుగా అద్దం మీద గోధుమ రంగు పొర రెండు రోజులకే పట్టేస్తోంది, పైన నీటి మీద నూనె తేలినట్టు ఒక సన్నటి పొర, నీళ్లు సంప్‌లోకి దిగే ఓవర్‌ఫ్లో పెట్టె మూలల్లో తెల్ల నురగ. ఈ రోజు నైట్రేట్, అంటే మురికి కుళ్లాక నీళ్లలో చివరికి మిగిలేది, చూస్తే కిట్ రంగు 50 పీపీఎం దగ్గర కనిపించింది. చేపలకు వెంటనే ప్రమాదం లేదు గానీ అది పెరిగే దారిలో ఉందే తప్ప తగ్గే దారిలో లేదు. ఇక స్కిమ్మర్ కొనాల్సిందే.

మార్చి 5

కొనే ముందు అది ఎలా పని చేస్తుందో బుర్రకు పూర్తిగా ఎక్కాలి అనుకుని మూడు రాత్రులు దాని మీదే కూర్చున్నాను. చివరికి నాకు అర్థమైంది మాత్రం మా తాత బెల్లం గానుగ గుర్తొచ్చాకే.

పెనుమూరు దగ్గర మా తాతోళ్ల ఊళ్లో సంక్రాంతి సెలవులకు పోతే చెరకు ఆడుతూ ఉండేవాళ్లు. పెద్ద పెనంలో రసం కాగుతుంటే అందులోని మురికంతా నురగ పట్టుకుని పైకి వచ్చేది. దాన్ని తెట్టు అంటారు. పొడుగు కట్టెకు కట్టిన చిల్లుల గరిటెతో ఒక మనిషి అదే పనిగా తెట్టు తీస్తూ నిలబడేవాడు. తీయకుండా వదిలేస్తే అది మళ్లీ రసంలోకి కలిసిపోయి బెల్లం నల్లబడుతుందని తాత కేకలేసేవాడు. మంట ఎక్కువైతే నురగ పొంగి పెనం దాటి పోతుంది, తక్కువైతే తెట్టు పైకే రాదు.

స్కిమ్మర్ చేసేది ఇదే పని, మంట బదులు గాలి. చేపల విసర్జన, మిగిలిపోయిన మేత, చచ్చిన నాచు, వీటి నుంచి నీళ్లలోకి ప్రోటీన్లు, కొవ్వులు కరుగుతాయి. ఈ అణువుల్లో చాలావాటికి ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, ఇంకో కొస నీటికి దూరంగా పోవాలని చూస్తుంది. అలాంటివాటికి గాలి బుడగ అంచు దొరికితే అక్కడే అతుక్కుంటాయి. కోట్ల బుడగలు ఒక గొట్టంలో పైకి పోతుంటే వాటితో పాటు మురికీ పోయి, పైన మెడలో నురగ గట్టిపడి, మెడ మీద కూర్చున్న మురికి గిన్నెలోకి, దాన్నే కప్పు అంటారు, పొర్లి పడుతుంది. బుడగ ఎంత చిన్నదైతే అంత ఎక్కువ అంచు దొరుకుతుంది. ఉప్పునీళ్లలో బుడగలు ఒకదానితో ఒకటి తొందరగా కలిసిపోవు, సన్నగానే ఉంటాయి, మంచినీళ్లలో కలిసి లావైపోతాయి, అందుకే గోల్డ్ ఫిష్ ట్యాంకులో ఇది పెట్టినా ఫలితం ఉండదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ మురికిని బాక్టీరియా తిని అమ్మోనియా, తర్వాత నైట్రైట్, తర్వాత నైట్రేట్ చేస్తుంది. స్కిమ్మర్ ఆ వరస మొదలు కాకముందే మురికిని బయట పడేస్తుంది. ఇప్పటికే నైట్రేట్‌గా మారినదాన్ని అది తీయలేదు. కాబట్టి నా 50ని దించేది నీళ్లు మార్చడమే, మళ్లీ పెరగకుండా పట్టి ఉంచేది స్కిమ్మర్.

మార్చి 9

టేపు పట్టుకుని క్యాబినెట్ కింద దూరాను. లోపలి ఎత్తు 68 సెం.మీ. సంప్ 90 సెం.మీ. పొడవు, బయటి వెడల్పు 36, ఎత్తు 40. ఈ సంప్ ఒక స్నేహితుడు తన మంచినీళ్ల ట్యాంకుకు చేయించుకున్నది, వాడు ఊరు మారుతూ నాకు ఇచ్చాడు. అందులో ఒక్కటే అడ్డు గాజు ఉంది: పై నుంచి నీళ్లు ఫిల్టర్ సాక్ అనే వడగట్టే గుడ్డ సంచిలోకి పడే చిన్న అర, తర్వాత నీళ్లను మళ్లీ పైకి పంపే రిటర్న్ పంపు ఉన్న పెద్ద అర. స్కిమ్మర్‌ను ఆ పెద్ద అరలోనే పెట్టాలి.

రకాల్లో గాలి పంపుకు లైమ్‌వుడ్ చెక్క రాయి తగిలించే పాత పద్ధతి చవక, కానీ ఆ చెక్క కొన్ని వారాలకోసారి మార్చాలి, ఇక్కడ దొరకదు. ట్యాంకు వెనక తగిలించేవి సంప్ లేనివాళ్లకు. సంప్ ఉన్నవాళ్లకు సంప్‌లో కూర్చునే నీడిల్ వీల్ స్కిమ్మరే దారి. దాని పంపులో తిరిగే చక్రానికి, అంటే ఇంపెల్లర్‌కు, రెక్కల బదులు సన్నటి ముళ్లు ఉంటాయి. పంపు నీళ్లను లాగేటప్పుడు వెంచురీ అనే ఇరుకు చోట గాలి కూడా లోపలికి పోతుంది, ముళ్లు ఆ గాలిని నలగ్గొట్టి పాలలాంటి బుడగలు చేస్తాయి.

డీసీ పంపు ఉన్నవి శబ్దం తక్కువ, వేగం మార్చుకోవచ్చు, ధర ఎక్కువ, పైగా ఒక కంట్రోలర్ పెట్టె అదనం. నేను ఏసీ పంపు వైపే మొగ్గాను. ఒకటి మాత్రం తప్పకుండా చూడాలి, పంపు మీద 220-240 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉండాలి. ఏసీ పంపు తిరిగే వేగం కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టే ఉంటుంది, అమెరికా నుంచి ఎవరో తెచ్చిచ్చారని 110 వోల్టుల 60 హెర్ట్జ్‌ది తీసుకుని ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా అది మన దగ్గర నెమ్మదిగానే తిరుగుతుంది, గాలి తక్కువ లాగుతుంది.

మార్చి 15

పొద్దున్నే పుత్తూరు, నాగలాపురం, ఊత్తుకోట మీదుగా పోయే చెన్నై బస్సెక్కి రెడ్‌హిల్స్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో కొళత్తూరు. అలంకార చేపల వ్యాపారానికి పేరు పడ్డ చోటు, వీధి పొడుగునా చేపల దుకాణాలే. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది.

రీఫ్ ఆక్టోపస్, బబుల్ మాగస్ లాంటి తెలిసిన పేర్లు రెండు మూడు చోట్ల చూశాను. ఒక దుకాణం ఆయన నా ట్యాంకు కొలతలు విని, ఎనిమిది అంగుళాల బాడీ ఉన్న పెద్ద స్కిమ్మర్ ముందు పెట్టాడు. "పెద్దదైతే మంచిదే కదా సార్, రేపు ట్యాంకు పెంచుకున్నా పనికొస్తుంది" అన్నాడు. ఆయన మాటలో వ్యాపారం ఉన్నా చెడు ఉద్దేశం లేదు, చాలామంది అలాగే నమ్ముతారు. కానీ పెనంలో రెండు చెంబుల రసం పోసి తెట్టు రమ్మంటే ఎక్కడ వస్తుంది? ఐదు చేపలు చేసే మురికి ఆ లావు మెడను నింపలేదు, నురగ నిలబడక గంటలో వస్తూ గంటలో పోతూ ఉంటుంది. పెట్టె మీద రాసిన లీటర్లను కూడా ఉన్నదున్నట్టు తీసుకోకూడదు, చేపలు తక్కువైతే ఇన్ని లీటర్లు, ఎక్కువైతే అందులో సగం అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. నేను నా 240 లీటర్లకు, చేపలు ఇంకో రెండు చేరినా సరిపోయేలా, ఐదు అంగుళాల బాడీ ఉన్నది తీసుకున్నాను. మొత్తం ఎత్తు 52 సెం.మీ. సంప్‌లో నీళ్లు 17 నుంచి 21 సెం.మీ. లోతు ఉండాలని పుస్తకంలో ఉంది. పదిహేను వేలకు కొంచెం తక్కువైంది.

బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇంటికి వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర.

మార్చి 16

కొత్త యాక్రిలిక్‌కు తయారీలో అంటిన జిడ్డు ఉంటుంది, అది ఉన్నంత వరకు నురగ కుదురుకోదు. బకెట్‌లో నీళ్లకు తెల్ల వెనిగర్ కలిపి రెండు గంటలు నడిపి, తర్వాత మంచినీళ్లలో ఇంకో గంట నడిపాను. సబ్బు ముట్టించలేదు.

తర్వాత వచ్చింది చిక్కు. సంప్‌లో నేను నీళ్లు 25 సెం.మీ. ఉంచుతున్నాను, రోజూ ఆవిరయ్యేదానికి కొంచెం వెసులుబాటు ఉండాలని. స్కిమ్మర్‌కు 21 దాటకూడదు. కాబట్టి దాని కింద ఆరు సెం.మీ. పీట కావాలి. నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్కను యాక్సా బ్లేడుతో మూడు వలయాలుగా కోసి, అంచులు ఉప్పు కాగితంతో రుద్ది, లోపల నీళ్లు నిలవకుండా ఒక్కోదానికి నాలుగు చిల్లులు పెట్టాను. మేకులు, స్క్రూలు ఏమీ వాడలేదు, స్టీలని చెప్పి ఇచ్చేవి కూడా ఉప్పునీళ్లలో తుప్పు పడతాయి. వలయాల మీద పరుపులా పాత రబ్బరు మ్యాటు ముక్క.

పెట్టాను, సరిగ్గా కూర్చుంది. ప్లగ్ పెట్టగానే బుసబుసమని బాడీ అంతా తెల్లగా మారిపోయింది. పది నిమిషాలు దాని ముందే కూర్చుని చూస్తూ ఉండిపోయాను.

కప్పు తీసి చూద్దామని తిప్పి పైకి లేపితే క్యాబినెట్ పైచెక్కకు తగిలి ఆగిపోయింది. స్కిమ్మర్ 52, పీట 6, మొత్తం 58. పైన మిగిలింది 10. కప్పు బయటికి రావడానికి కావలసింది 12. స్కిమ్మర్ ఎత్తు కొలిచాను గానీ కప్పు లేపడానికి పైన ఎంత కావాలో కొలవలేదు. మీరు కొనేటప్పుడు ఈ రెండో కొలత దుకాణంలోనే టేపు పెట్టి తీసుకోండి. ఇప్పటికైతే కప్పు కడగాలంటే స్కిమ్మర్ ఆపి, మొత్తం ముందుకు వంచి తీయాలి. ఇలా ఎక్కువ రోజులు కుదరదు.

మార్చి 27

మొదటి నాలుగు రోజులు కప్పులో ఏమీ లేదు, బుడగలు మెడ దాకా రావడం, పగిలిపోవడం. ఐదో రోజు నుంచి తెల్లటి పలచటి నీళ్లు. తొమ్మిదో రోజుకి రంగు వచ్చింది. ఇది ఎవరి స్కిమ్మర్‌కైనా మామూలే, వారం పది రోజులు పడుతుంది, ఈలోపు ఊరికే వాల్వులు తిప్పకూడదు. బయటికి పోయే పైపు వాల్వును నేను రోజుకు ఒక్కసారి, అదీ గోరంత మాత్రమే తిప్పి, మళ్లీ మర్నాడే చూశాను. బాడీలో నీటి గీత మెడ మొదలయ్యే చోట నిలబడితే చాలు.

మొదట్లో సన్నటి బుడగలు రిటర్న్ పంపులో పడి పైన ట్యాంకంతా మంచు పట్టినట్టు కనపడింది, క్లౌన్ జంట మూలకు పోయి నిలబడ్డాయి. పైపు చివర స్పాంజ్ ముక్క కట్టాను, ప్రస్తుతానికి.

ఏప్రిల్ 4

వారం రోజులుగా ఒక విషయం నిద్ర పట్టనివ్వడం లేదు. పొద్దున లేచి సంప్‌లో ఆర్వో నీళ్లు పోశాక నురగ చక్కగా ఎక్కుతుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూస్తే మెడ ఖాళీ. వాల్వు కొంచెం మూస్తే రాత్రికి నురగ వస్తుంది. పొద్దున మళ్లీ నీళ్లు పోయగానే కప్పు నిండి పలచటి నీళ్లు మూత దాకా వస్తాయి, నిన్న అలాగే అర లీటరు ఉప్పునీళ్లు నేల మీదికి పోయాయి. పంపు చెడిపోయిందేమో అని విప్పి చూశాను, ఇంపెల్లర్ బాగానే ఉంది. గాలి గొట్టంలో ఉప్పు పేరుకుందేమో అని కడిగాను. అదీ కాదు.

ఈ రోజు శుక్రవారం, సెలవు పెట్టి గంటకోసారి సంప్ అద్దం మీద మార్కర్‌తో గీత పెట్టాను. ఎండ 39 దాటింది, నీళ్లు చల్లబరచడానికి ట్యాంకు మీద రెండు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. పొద్దున ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా గీత దాదాపు సెంటీమీటరున్నర దిగింది. రోజు మొత్తానికి నేను పోస్తున్నది నాలుగు లీటర్లు. నా పెద్ద అర 60 సెం.మీ. పొడవు, లోపల దాదాపు 35 వెడల్పు, అంటే 2100 చదరపు సెం.మీ. నాలుగు లీటర్లు పోతే రెండు సెంటీమీటర్లు దిగుతుంది. సంప్‌లో రెండు దిగితే స్కిమ్మర్ లోపలా రెండు దిగుతుంది, నురగ ఇక మెడ ఎక్కదు.

పంపుకు ఏ లోపమూ లేదు. దాని కాళ్ల కింద నీళ్లే నిలకడగా లేవు. మంట పొద్దునొకలా సాయంత్రమొకలా ఉంటే తెట్టు తీసే మనిషి ఏం చేస్తాడు!

ఏప్రిల్ 6

సంప్‌లో ఏ అడ్డు గాజు లేని పెద్ద అరను మూడు గాజు ముక్కలతో విడగొట్టాలని నిర్ణయించుకున్నాను. స్కిమ్మర్ అరకు ముందు ఒక గోడ కడితే నీళ్లు ఆ గోడ మీదుగానే పొర్లి పోవాలి, కాబట్టి ఎంత ఆవిరైనా ఆ అరలో మట్టం కదలదు. తగ్గేదంతా చివరి రిటర్న్ అరలోనే తగ్గుతుంది.

కొలతలు ఇవి. మొదటి గాజు 19 సెం.మీ. ఎత్తు, అడుగుకు అంటించినది. దాని మీద నీళ్లు ఒక సెంటీమీటరు మందంలో పొర్లుతాయి, కాబట్టి స్కిమ్మర్‌కు దొరికే లోతు 20. రెండోది అడుగు నుంచి మూడు సెం.మీ. పైకి లేపి అంటించినది, నీళ్లు దాని కింద నుంచి దూరాలి. మూడోది 16 సెం.మీ., మళ్లీ పై నుంచి. ఇలా పైకీ కిందికీ తిప్పితే సన్నటి బుడగలు మధ్యలోనే పైకి తేలిపోతాయి, స్పాంజ్ అక్కర్లేదు. స్కిమ్మర్ నేరుగా సంప్ అడుగున కూర్చుంటుంది, పీట కూడా అక్కర్లేదు, పైన 16 సెం.మీ. మిగులుతుంది, కప్పు హాయిగా వస్తుంది. రెండు బాధలకీ ఒకే మందు అని కాగితం మీద గీసుకున్నప్పుడు కలిగిన సంతోషం చెప్పలేను.

గాజు దుకాణం అన్న ఆరు మిల్లీమీటర్ల గాజు కోస్తూ, "లోపల 34.8 అంటివి గదా, 34.8కే కోసేదా అన్నా?" అని అడిగాడు. వద్దన్నాను, 34.4. రెండు పక్కలా రెండేసి మిల్లీమీటర్లు సిలికాన్‌కు వదలాలి. బిగుతుగా కోస్తే లోపలికి దించేటప్పుడే అంచు చిట్లుతుంది, దిగినా సిలికాన్‌కు చోటుండదు. అంచులు రాయితో నూరి ఇచ్చాడు.

సంప్ ఖాళీ చేసి, మంచినీళ్లతో కడిగి, ఫ్యాన్ కింద మూడు గంటలు ఆరబెట్టాను. పాత గాజు మీద ఉప్పు పొర కంటికి కనపడదు, వేలితో రాస్తే తెలుస్తుంది, దాని మీద సిలికాన్ అంటదు. వెనిగర్ గుడ్డతో తుడిచి, మళ్లీ నీళ్లతో తుడిచి, చివరగా స్పిరిట్‌తో తుడిచాను. సిలికాన్ ట్యూబు మీద బూజు పట్టదు అని రాసి ఉంటే అది బాత్రూముల కోసం, అందులో కలిపిన మందు చేపలకు విషం. మామూలు అక్వేరియం సిలికానే వాడాలి.

గాజు నిలబెట్టేటప్పుడు మా తమ్ముడు రెండు చేతులతో పట్టుకున్నాడు, నేను పై అంచు మీద రసమట్టం పెట్టి బుడగ మధ్యకు వచ్చే దాకా జరిపాను. అంచు ఒక పక్క రెండు మిల్లీమీటర్లు దిగినా నీళ్లన్నీ ఆ మూల నుంచే పోతాయి. వేలు నీళ్లలో తడుపుకుంటూ మూలలు నునుపు చేశాను. ఇక రెండు రోజులు ముట్టుకోకూడదు.

ఈ రెండు రోజులూ చేపలకు సంప్ లేదు. పైన ట్యాంకులో నీళ్లను అలల్లా కదిపే వేవ్ పంపు నడుస్తోంది, గాలి పంపుకు రెండు రాళ్లు తగిలించాను, మేత సగానికి తగ్గించాను.

ఏప్రిల్ 9

నీళ్లు నింపాను, ఎక్కడా చెమ్మ లేదు. గోడ మీదుగా నీళ్లు గాజుపలకలా పరుచుకుని దిగుతున్నాయి.

ఇప్పుడు ఒక కొత్త పని పడింది. రిటర్న్ అర చిన్నదైపోయింది, అదే నాలుగు లీటర్లు ఆవిరైతే అక్కడ రోజుకు నాలుగు సెంటీమీటర్లు దిగుతుంది. రెండు రోజులు మరిస్తే పంపు గాలి లాగుతుంది. ఆర్వో బాగుచేసే దుకాణంలో, మట్టం దిగితే తెరుచుకుని నిండితే మూసుకునే చిన్న ఫ్లోట్ వాల్వ్ దొరికింది, దాన్ని రిటర్న్ అర అంచుకు బిగించి, పైన బల్ల మీద ఆర్వో నీళ్ల క్యాను పెట్టి సన్నటి గొట్టం దించాను. క్యాను ఉద్దేశపూర్వకంగా పది లీటర్లదే పెట్టాను. ఎప్పుడైనా ఫ్లోట్ ఇరుక్కుని మొత్తం దిగిపోయినా 240 లీటర్లలో పది కలిస్తే ఉప్పు వెయ్యి పాళ్లలో 35 నుంచి 33.6కి దిగుతుంది, చేపలు తట్టుకుంటాయి. యాభై లీటర్ల డ్రమ్ము పెట్టి ఊరెళ్తే తిరిగొచ్చేసరికి ఏం మిగులుతుందో ఆలోచించండి.

ఏప్రిల్ 12

శనివారం. మట్టం కదలడం లేదు, నురగ పొద్దునా సాయంత్రం ఒకేలా ఉంది. కప్పులో రెండు వేళ్ల మందం, రంగు ఫిల్టర్ కాఫీ డికాషన్ లాగ, వాసన మాత్రం ఎండ్రకాయలు కుళ్లినట్టు. వాల్వును మూడు రోజులుగా ముట్టుకోలేదు.

అమ్మ పూజ చేసి ఇల్లంతా సాంబ్రాణి పట్టింది. హాల్లోకి వచ్చి స్కిమ్మర్ దగ్గర నిలబడి, "ఏం నాయనా, ఇది పొద్దస్తమానం బుసకొడతా ఉండాది, గాలి యాణ్ణించి పీలుస్తాది?" అని అడిగింది. హాల్లో గాలే అమ్మా అన్నాను. "అట్లయితే ఈ పొగంతా చేపలకి పోదా?"

నాకు అంతవరకు తట్టలేదు. గాలి గొట్టం మూతి దగ్గర శబ్దం తగ్గించే సైలెన్సర్ ఉంటుంది, అక్కడ చెయ్యి పెడితే లాగడం తెలుస్తూనే ఉంది. సాంబ్రాణి పొగ, దోమల మందు, పోపు పొగ, హాల్లో ఏది ఉంటే అది గంటకు కొన్ని వందల లీటర్ల గాలితో పాటు నీళ్లలో కలుస్తోంది. సాయంత్రమే లావు గొట్టం మూడు మీటర్లు తెచ్చి, సైలెన్సర్ మూతికి తగిలించి, కిటికీ చువ్వ పక్కగా బాల్కనీలోకి లాగాను. సన్నది వేస్తే అంత పొడుగులో గాలి రాక తగ్గిపోతుంది, అందుకే లావుది. చివర దోమ తెర గుడ్డ కట్టాను.

నాలుగు రోజుల తర్వాత చేర్చిన మాట: దీంతో ఇంకో మేలు కూడా జరిగింది. రాత్రి తలుపులన్నీ వేసి ఏసీ వేసుకుంటాం, గదిలో మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, అది నీళ్లలో కరిగి పీహెచ్ దిగుతుంది. పొద్దున 7.9 చూపించే మీటరు బయటి గాలి పెట్టిన నాలుగు రోజులకు 8.1 దగ్గర నిలిచింది.

ఏప్రిల్ 20

కరెంటు పరీక్ష. మెయిన్ ఆపేసి సంప్ ముందు కూర్చున్నాను. పైన రిటర్న్ నాజిల్ తేలే దాకా ట్యాంకు నీళ్లు రెండు సెంటీమీటర్లు దిగాయి, అంటే పది లీటర్ల పైనే. స్కిమ్మర్ బాడీలో సంప్ మట్టం పైన ఉన్న నీళ్లు కూడా సంప్‌లోకి వచ్చేశాయి. మొత్తం ఐదు సెం.మీ. పెరిగింది, అంచుకు ఇంకా చాలా చోటుంది. సరే. కరెంటు వచ్చాక ఐదు నిమిషాలు కప్పులో పలచగా పొంగి, తర్వాత సర్దుకుంది.

ఇన్వర్టర్ మీద వేవ్ పంపు, గాలి పంపు మాత్రమే పెట్టాను. గంట రెండు గంటలు స్కిమ్మర్ ఆగినా నష్టం లేదు, ఆక్సిజన్ ఆగితే ఉంది. ప్లగ్గులన్నీ సంప్ కన్నా ఎత్తులో బిగించి, ప్రతి తీగనూ ప్లగ్గు కన్నా కిందికి ఒక ఉయ్యాలలా వేలాడదీశాను, తీగ వెంట జారే నీళ్లు ఆ కింది వంపులోనే బొట్లుగా పడిపోతాయి, సాకెట్ దాకా పోవు. ఎలక్ట్రీషియన్ అన్నను పిలిచి ఈ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, కూడా వేయించాను. ఉప్పునీళ్లలో చేతులు పెట్టే పని ఇది, దీనికి ఖర్చు చూసుకోకండి.

మే 16

మొన్న 14న గంగ జాతర. చిత్తూరు నుంచి పెద్దమ్మ వాళ్లు పిల్లలతో వచ్చారు, ఇల్లంతా సందడి. పిల్లలకు క్లౌన్ ఫిష్ అంటే ప్రాణం. మధ్యాహ్నం మేమంతా జాతరకు పోయిన గంటలో మా అన్న కొడుకు మేత డబ్బాలో సగం నీళ్లలో పోశాడు, వాడికి ఆరేళ్లు, చేపలకు ఆకలేస్తోందని పోశాడు. వలతో తీయగలిగినంత తీశాను.

వెంటనే స్కిమ్మర్ చూస్తే నురగ మొత్తం పడిపోయి ఉంది. మేతలోని నూనె నీటి మీదికి వస్తే బుడగల పొర నిలబడదు, కొబ్బరి నూనె రాసుకున్న చేత్తో ట్యాంకులో చెయ్యి పెట్టినా ఇలాగే పడుతుంది. ఎండ 41, నీళ్లు 28.5, వేడి నీళ్లలో ఆక్సిజన్ మామూలుగానే తక్కువ నిలుస్తుంది, అప్పుడు ఇంత మేత కుళ్లితే ఏమవుతుందో అని టెన్షన్. వాల్వు ముట్టుకోవాలని చెయ్యి లాగింది, ముట్టుకోలేదు.

రాత్రి పదికి నురగ మళ్లీ మెడ ఎక్కడం మొదలైంది. ఒంటిగంటకు లేచి చూస్తే కప్పు సగం పైకి నిండింది, అంత చిక్కగా, అంత నల్లగా అంతకు ముందెప్పుడూ చూడలేదు. కడిగి పెట్టాను. పొద్దున మళ్లీ సగం. అమ్మోనియా రెండు రోజులు వరసగా చూశాను, సున్నా దగ్గరే ఉంది. రాళ్ల మీది బాక్టీరియా తన పని చేసింది, కానీ ఆ రాత్రి కప్పులోకి వచ్చినదంతా నీళ్లలోనే ఉండిపోయి ఉంటే దాని ఒక్కదాని వల్లే కుదిరేది కాదని నా నమ్మకం.

జూన్ 8

నైట్రేట్ 20. నీళ్లు మార్చడం ముందులాగే పది రోజులకు 25 లీటర్లు, అందులో మార్పు లేదు. నీటి మీద జిడ్డు పొర పూర్తిగా పోయింది. అద్దం ఐదారు రోజులకోసారి తుడుస్తున్నాను. ఉప్పు మాత్రం వారానికోసారి రిఫ్రాక్టోమీటర్‌తో చూసుకోవాలి. కప్పులోకి పోయేది ఉప్పునీళ్లు, ఫ్లోట్ నింపేది మంచినీళ్లు, పలచగా తీస్తున్న కొద్దీ సాంద్రత నెమ్మదిగా దిగుతుంది. నాది నెలలో 1.026 నుంచి 1.025కి వచ్చింది, మార్చే నీళ్లలో కొంచెం ఉప్పు ఎక్కువ కలిపి సరిచేశాను.

మూడు రోజులకోసారి మెడ లోపల పాత బ్రష్‌తో తుడుస్తున్నాను. అక్కడ జిగట పొర పేరుకుంటే నురగ దాన్ని దాటి ఎక్కలేదు, కప్పు కడగడం కన్నా మెడ తుడవడమే ముఖ్యం. కప్పులోది మొక్కలకు పోయకండి, ఉప్పుకు చచ్చిపోతాయి, డ్రైనేజీలో పోసి నీళ్లు కొట్టాలి. గాలి గొట్టం వెంచురీకి తగిలే చోట ఉప్పు గడ్డ కడుతోంది, వారానికోసారి గొట్టం చివర గోరువెచ్చని ఆర్వో నీళ్ల గ్లాసులో ముంచితే పంపే లాగేసి కరిగించుకుంటుంది.

ఈ రోజు మొదటిసారి పంపు విప్పాను. ముళ్ల మధ్య తెల్లగా సున్నం పట్టింది, ఒక చిన్న నత్త కూడా దూరి ఉంది, దాన్ని తీసి పైన రాయి మీద వదిలాను. సిరామిక్ కడ్డీ సన్నగా పెన్సిల్ ముల్లులా ఉంటుంది, పక్కకు వంచితే ఠక్కున విరుగుతుంది, తిన్నగా లాగాలి. ఇంపెల్లర్ ఇప్పుడు వెనిగర్ గిన్నెలో నానుతోంది. ఎనిమిదికి కడిగి మళ్లీ బిగిస్తాను.